ఎవరికిచ్చినా మీ ఇంట్లకే

మొన్నటి ఎండాకాలం మా ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. నాకు మొదట తెలియలేదు. నేను పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి, మిగిలినవాళ్లు కూడా నా దారికి వచ్చారని, ఇల్లు కాస్త నిమ్మళంగా ఉందని అనుకున్నాను. అది నిమ్మళం కాదని నా భార్య సత్తమ్మ నా ముందు కంచం గట్టిగా పెట్టి చెప్పింది.

దీనికంతటికీ ఆ చదువుకున్న పిల్ల సుచిత్రే కారణమని ప్రతాప్ సారు ఇప్పటికీ అంటాడు. యాట మాంసమే కారణమని సత్తమ్మ అంటుంది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్క సుచిత్రే. ఆమె అడిగినప్పటి నుంచే నాకు తలనొప్పి మొదలైంది.

ఉగాది వెళ్లిన వారం. తూంకుంటలో మా కొట్టం దగ్గర బర్రెలకు నీళ్లు పెడుతున్నాను. చుట్టూ ఉన్న చేన్లు ప్లాట్లయి, ప్లాట్లు మేడలయి, మధ్యలో మా కొట్టం ఒక్కటి పంటి సందులో ఇరుక్కున్న పీచులాగా మిగిలింది. స్కూటీ మీద ఒక పిల్ల వచ్చి ఆగింది. ముఖానికి చున్నీ, చేతులకు గ్లౌజులు, భుజానికి సంచి. చున్నీ విప్పేదాకా మనిషి ఆకారమే తెలియలేదు.

"పర్వతాలు అంటే మీరేనా పెద్దనాయినా?"

తల ఊపాను.

"కంపెనీల మీరు ఏ సెక్షన్?"

"ఏ కంపెనీ?"

"మేడ్చల్ విత్తనాల కంపెనీ."

"నేను అండ్ల లేను."

ఆ పిల్ల నన్ను, బర్రెలను, కొట్టాన్ని చూసింది. "లేరా? మరి మొగోళ్లంత మీ పేరే చెప్తున్నరేంది?"

అప్పుడు చెప్పింది. పేరు సుచిత్ర. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఒక ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరి మాట ఎవరికి చేరుతుంది, ఆడవాళ్ల దాకా వచ్చేసరికి ఆ మాట ఎక్కడ ఆగిపోతుంది, ఇదీ ఆమె చదువు.

"గిది గూడ చదువేనా?" అన్నాను.

"మా నాయిన గూడ గిదే అంటడు," అని నవ్వింది. "ఆఫీసు సంగతులు మీకు ముందుగాల ఎక్కడ తెలుస్తయని అందర్ని అడిగిన పెద్దనాయినా. ఆడోళ్లేమో నోటీసు బోర్డు మీద చూస్తమన్నరు. మొగోళ్లు పర్వతాలు కొట్టంల అన్నరు. పర్వతాలు ఎవరా అని ఆఫీసంత దేవులాడిన."

నాకు చిరాకేసింది. ఆ మనుషులతో నేను పట్టుమని పది మాటలు ఆడి ఉండను. నేనేదో వాళ్లకు కబుర్లు మోసేవాణ్ని అయినట్టు, ఒక యూనివర్సిటీ పిల్ల ఎండలో పడి నన్ను వెతుక్కుంటూ రావడమేమిటి?

సంగతి ఇంతే. మా కొడుకు అన్వేష్ ఆ కంపెనీలో లారీలు ఎక్కించే సెక్షన్‌లో పనిచేస్తాడు. మేనేజరు ప్రతాప్ సారు, ఇంకొందరు సూపర్‌వైజర్లు కలిసి ఆదివారం ఆదివారం ఒక యాటను, మేకనో గొర్రెనో, కొంటారు. మేడల్లో ఉండేవాళ్లు వాకిట్లో కోయనివ్వరు కాబట్టి మా కొట్టానికి తెస్తారు. కోసి పోగులు వేస్తారు. ప్రతి పోగులోనూ ఇంత మెత్తటి కండ, ఇంత బొక్క, ఇంత కార్జం. ఏ పోగు ఎవరిదో తగవు రాకుండా ఒకరు వెనక్కి తిరిగి నిలబడాలి. కోసినవాడు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "గిది ఎవరికి?" అని అడిగితే, తిరిగి చూడకుండా ఒక పేరు చెప్పాలి. ఆ నిలబడే పని నాది. జాగా నాది, పైగా నాకు ఎవరి మీదా ప్రత్యేకంగా ప్రేమ లేదని వాళ్ల నమ్మకం.

"ఆదివారం నేను రావొచ్చా?" అంది సుచిత్ర.

"ఆడోళ్లు రారు."

"రావద్దంటరా?"

"ఎవ్వలనరు. రారు."

ఆ మాట వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. నేనేదో గొప్ప సంగతి చెప్పినట్టు ఫోనులో రాసుకుంది. నాకు ఇంకా చిరాకేసింది.

ఆ కంపెనీలోనే మా కోడలు సృజన కూడా ఉంది. అన్వేష్ కంటే ముందు చేరింది. అతన్ని అక్కడ పెట్టించింది కూడా ఆమే. గింజ మొలక పరీక్ష చేసే ల్యాబ్‌లో పని. ఇసుక ట్రేలలో వడ్లు వేసి, మొలిచినవెన్ని, మొలవనివెన్ని, మొలిచీ పనికిరానివెన్ని చూసి, ఈ లాట్ బస్తాలు రైతుకు పోవచ్చు, ఇది పోకూడదు అని తేల్చాలి. ల్యాబ్ ఇన్‌చార్జిగా ఉన్నాయన చలికాలంలో వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆయన కుర్చీ ఖాళీ, ఆయన పని మాత్రం సృజన చేతిలో. వానలు పడేలోపు ఆ పోస్టు నింపాలి. అది తనకే వస్తుందని ఆమెకు గట్టి నమ్మకం. ఎప్పుడూ ఏదీ కావాలని అడగని పిల్ల, ఒక సాయంత్రం బియ్యం చెరుగుతున్న సత్తమ్మ పక్కన కూర్చుని, "అత్తమ్మా, గీ పోస్టొక్కటి వస్తే సాలు. నేను చెప్పిన మాట కింద నా సంతకమే ఉంటది," అంది. సత్తమ్మకు సంతకం సంగతి తెలియదు గాని ఆ ముఖం చూసి సంతోషపడింది.

ఆ తర్వాతి ఆదివారం యాటను కోశారు. ప్రతాప్ సారు మంచం మీద కూర్చున్నాడు. అన్వేష్ బకెట్ ముందేసుకుని బోటి కడుగుతున్నాడు. గిడియోన్ అని లారీల లెక్క చూసే పిల్లగాడు కత్తి పట్టాడు. సూపర్‌వైజరు శివ పక్కనే ఉన్నాడు. మాట పోస్టు మీదికి వచ్చింది.

"సృజన పని మంచిదే," అన్నాడు ప్రతాప్ సారు. "కాదన్నోడు లేడు. కని మనతోని కలువది. ఏదన్న మాట ఆమెకు చెప్పాల్నంటే ఎట్ల చెప్పాలె? సాయంత్రమైతే సాలు, పిల్ల పిల్ల అనుకుంట ఉరుకుతది."

"అవును సార్," అన్నాడు గిడియోన్.

ఆ పిల్ల, నా మనవరాలు ఇషిత, అన్వేష్‌కు కూడా బిడ్డే. అతను బోటిలో చేతులు పెట్టి అక్కడే ఉన్నాడు. అతన్ని చూసి ఎవరికీ పిల్ల గుర్తు రాలేదు.

"ఒక పని జేద్దాం," అన్నాడు ప్రతాప్ సారు. "అన్వేష్‌కు ఇద్దాం. మనోడు. రాత్రి లారీ వచ్చినా ఉంటడు. మొలకల సంగతి ఇంట్ల భార్యనడిగి తెలుసుకుంటడు. ఏమంటవ్ పర్వతాలన్నా? ఎవరికిచ్చినా మీ ఇంట్లకే గదా!"

అందరూ నవ్వారు. నేను అన్వేష్ వైపు చూశాను. అతనూ నవ్వాడు. మరీ పెద్ద నవ్వు కాదు. పెళ్లిలో తెలియని చుట్టం పలకరిస్తే నవ్వుతామే, అలాంటిది.

పోగులు వేశారు. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఎదురుగా ఎవరిదో కొత్త మేడ, దాని గోడకు ఇంకా సున్నం వేయలేదు.

"గిది ఎవరికి?"

"ప్రతాప్ సారుకు."

"గిది?"

"శివకు."

"గిది ఎవరికన్నా?"

"సృజనకు," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి ఊడిపడింది. వెనక కత్తి కిందపెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ప్రతాప్ సారు పగలబడి నవ్వాడు. "పర్వతాలన్న గూడ మజాక్ జేస్తడురా! కోడలి పోగు కొడుకు పోగులనే ఉన్నది గదనే!"

అన్వేష్ మాత్రం నవ్వలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఇంటికి వచ్చాక అతనే చెబుతాడేమోనని చూశాను. మాంసం గిన్నె సత్తమ్మకు ఇచ్చి, స్నానానికి పోయి, టీవీ ముందు కూర్చున్నాడు. సత్తమ్మ అల్లం నూరుతోంది. సృజన పెరట్లో నల్లా కింద మాంసం కడుగుతోంది. నేను వెళ్లి నిలబడ్డాను. నేను అలా నిలబడితే ఏదో సంగతి ఉందని ఆమెకు తెలుసు.

"ఏంది మామా?"

"ఆ పోస్టు అన్వేష్‌కు ఇస్తున్నరు."

ఆమె నల్లా కట్టేయలేదు. "ఎవరన్నరు?"

"ప్రతాప్ సారు. కొట్టంల."

"ఈయన అక్కడనే ఉన్నడా?"

"ఉన్నడు."

"ఏమన్నడు?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పాలంటే ఎక్కువ మాటలు కావాలి.

"నవ్విండు."

సృజన మాంసాన్ని ఇంకోసారి కడిగింది. అప్పటికే నీళ్లు తేటగా వస్తున్నాయి. తర్వాత నల్లా కట్టేసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజు కూర బాగుందని అన్వేష్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. సృజన పెరుగుతో తిని లేచింది.

మర్నాడు పొద్దున జగడం. నేను పాలు పిండి వచ్చేసరికి మొదలైంది.

"నేను అడిగిన్నా? వాళ్లే ఇస్తే వద్దంటనా?" అంటున్నాడు అన్వేష్.

"వద్దనకు. ఆమె పని ఆమెకియ్యుండ్రి అననీకి నోరు లేకుండెనా?"

"గంత మందిల భార్య గురించి మాట్లాడుతరా ఎవరన్న? ఏమనుకుంటరు?"

"నా గురించి గంత మంది మాట్లాడంగ వినొచ్చు. నువ్వు మాట్లాడితేనే తప్పా?"

"అరె, జీతం యాడికొస్తది? గీ ఇంటికే గదా! ఎవరి పేరు మీదొస్తే ఏంది?"

"మరి ట్రేలు ఎవరు చూడాలె? రిపోర్టు ఎవరు రాయాలె?"

"నువ్వున్నవ్ గదా," అన్నాడు వాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు ఎక్కువ విసుగు తెప్పించింది. పెళ్లాన్ని మోసం చేస్తున్నానని వాడికి తెలిస్తే, కనీసం దొంగ అని తిట్టవచ్చు. వాడికి తెలియదు. తండ్రి దగ్గర చెప్పులు తీసుకున్నట్టు, అన్న దగ్గర చొక్కా తీసుకున్నట్టు, ఇంట్లో ఉన్న వస్తువు తీసుకున్నాననుకుంటున్నాడు.

సత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పరాదు నీ కొడుకుకు!"

"ఏం జెప్పాలె?"

"ఎన్నడన్న చెప్పినవా? నీ పెండ్లప్పుడు నీ పేరు గూడ మా నాయినే చెప్పిండు."

పేరుకు ఇంటర్వ్యూ పెట్టారు. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లారు. సాయంత్రం సృజన షేర్ ఆటోలో తిరిగొచ్చింది. ఆ తర్వాత వాళ్లు ఒకే బండి ఎక్కడం నేను చూడలేదు.

మే నెలలో సుచిత్ర మళ్లీ వచ్చింది. తన పని ఒక కొలిక్కి వచ్చిందని, కంపెనీ వాళ్లకు చూపిస్తున్నానని, నేనూ రావాలని. నేనెందుకంటే, బొమ్మలో నేనున్నాను కాబట్టి రావాలట. రానన్నాను. స్కూటీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది. ఎండకు రోడ్డు మీద తారు మెరుస్తోంది. దారి పొడుగునా ఆ పిల్ల హెల్మెట్‌లోంచి ఏదో చెబుతూనే ఉంది. ఒక్క ముక్క వినపడలేదు.

పైఅంతస్తులో చల్లటి హాలు. మగవాళ్లు ముందు వరుసల్లో, ఆడవాళ్లు వెనక. ఎవరూ అలా కూర్చోమనలేదు. సుచిత్ర ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసింది. పేర్లు లేవు, చుక్కలే. ఒక పక్క చుక్కలన్నీ గీతలతో చిక్కుపడి సాలెగూడులా ఉన్నాయి. రెండో పక్క చుక్కలు చల్లిన గింజల్లా విడివిడిగా ఉన్నాయి. సాలెగూడు మధ్యలో ఒక చిన్న చదరం. అది మా కొట్టమని నాకు అర్థమైంది.

"గా అన్నిటికన్న పెద్ద చుక్క నేనే గదా?" అన్నాడు ప్రతాప్ సారు సంబరంగా.

"పేర్లు చెప్పొద్దు సార్. ఇది అందరి బొమ్మ," అంది సుచిత్ర.

"చెప్పకున్నా తెలుస్తాంది గదమ్మా. నేనే. మరి గా కొసకున్న చుక్కెవరు? గన్ని గీతలు పోతున్నయ్?"

ఆ చుక్క ఆడవాళ్ల పక్క ఉంది. ఎక్కడెక్కడి నుంచో గీతలు వచ్చి దాని మీద పడుతున్నాయి. దాని నుంచి సాలెగూడు వైపు ఒక్కటీ పోవడం లేదు.

"పనిల ఏ కష్టమొచ్చినా అందరు ఈ ఒక్క మనిషినే అడుగుతరు సార్," అంది సుచిత్ర మెల్లగా. "ఈ మనిషికి మాత్రం ఎవ్వరు ఏ కబురు చెప్పరు. ఎవరికి ఏ పని ఇయ్యాల్నో తేలేది ఈ చదరం కాడ. అక్కడికి ఆడోళ్ల గీత ఒక్కటి లేదు. పనికి, పదవికి నడుమ దారి తెగింది ఇక్కడనే."

వెనక వరుసలో సృజన ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ నిమిషం నాకు ఈ పిల్ల చదువు మీద నమ్మకం కుదిరింది. ఇంత స్పష్టంగా చూపిస్తే గుడ్డివాడికైనా కనపడాలి.

ప్రతాప్ సారు లేచాడు. కళ్లలో నీళ్లు తిరిగినట్టే ఉన్నాయి. "మేడమ్ మా కండ్లు తెరిపిచ్చింది. నిజంగ మేము గింత తప్పు చేస్తున్నమని తెల్వదు. మొన్న పర్వతాలన్న గూడ అన్నడు, నేను మజాక్ అనుకున్న. ఇగ వచ్చే ఆదివారం నుంచి ఆడోళ్లకు గూడ ఒక్కొక్క పోగు! వాళ్లు కొట్టం దాకా రావాల్సిన పని లేదు. మనమే ప్యాక్ చేసి ఇండ్లకు పంపిద్దాం!"

మగవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో "కార్జం గూడనా సార్?" అని అడిగారు. "కార్జం గూడ!" అన్నాడు ఆయన.

"సార్, నేను మాంసం గురించి చెప్పలే," అంది సుచిత్ర.

"అర్థమైందమ్మా. మంచిగ అర్థమైంది." ఆయన కూర్చోబోయి మళ్లీ లేచాడు. "ఇంకొక సంతోషమైన మాట. ల్యాబ్ ఇన్‌చార్జి పోస్టు మన పర్వతాలన్న ఇంట్లకే ఇస్తున్నం. అన్వేష్‌కు!"

మళ్లీ చప్పట్లు. నేను వెనక్కి తిరిగి సృజనను చూడలేదు. సుచిత్ర గోడ మీద బొమ్మను ఆర్పేసి తెల్లటి గోడను చూస్తూ నిలబడింది. తిరుగు దారిలో హెల్మెట్‌లోంచి ఒక్క మాట కూడా రాలేదు. తూంకుంట మలుపు దగ్గర బండి ఆపి, "నేను ఏం తప్పు చెప్పిన పెద్దనాయినా?" అని అడిగింది. చేతి రుమాలు ఇచ్చాను. అది బర్రెల వాసన వస్తుందని తర్వాత గుర్తొచ్చింది.

అన్వేష్ కుర్చీ ఎక్కాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే సృజన లోపలి నుంచి నీళ్లు తెచ్చి, "తీసుకోండ్రి సార్," అంది.

వాడు నవ్వబోయాడు. ఆమె ముఖంలో పరాచికం లేదు.

"సార్ ఏంది?"

"ఇన్‌చార్జి గదా."

"ఇల్లు ఇది!"

"అయితే గా లాట్ సంగతి ఇక్కడ అడగొద్దు సార్. ఆఫీసు మాట ఆఫీసుల." వాడు సంచిలోంచి తీయబోయిన కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి.

ఆమె మాట తప్పలేదు. ఆఫీసులో తన ట్రేలు తను చూసి, తన లెక్క తను ఇచ్చి, సాయంత్రం ఇంటికి వచ్చేది. ఏ లాట్ పోవాలో, ఏది ఆగాలో తేల్చే పని మాత్రం ఇన్‌చార్జిదే కాబట్టి ఇన్‌చార్జికే వదిలేసింది. ఇంట్లో అన్నం పెట్టేది, బిడ్డ చదువు చూసేది. పని గురించి ఒక్క మాట లేదు. "సార్, కూర ఎయ్యాల్నా?" "సార్, మోటర్ కట్టెయ్యండ్రి." వినలేక అన్వేష్ చేన్లు లేని ఊళ్లో ప్లాట్ల హద్దులే గట్లనుకుని తిరిగేవాడు. ఒకరోజు ఇషిత కూడా "సార్, నా పెన్సిల్ చెక్కియ్యరా?" అంది. వాడు దాని మీద చెయ్యెత్తి, దించాడు.

"కట్టుకున్నదానికి గింత కోపమా నాయినా?" అని నా దగ్గర మొత్తుకున్నాడు.

"కోపమైతే తిట్టేది," అన్నాను.

ఆదివారం మాంసం పొట్లాలు మాత్రం మాట ప్రకారం పోయాయి. నల్ల కవర్లలో కట్టి గిడియోన్ బండి మీద పంచాడు. మా ఇంటికీ ఒకటి వచ్చింది, మగవాళ్ల పోగు కాక. అది చూసి సృజనకు ఎంత ఒళ్లు మండిందో, అది చేతబట్టుకుని ఎక్కడికో ఫోన్ చేసింది. "ఝాన్సీ, నీకు గూడ వచ్చిందా?... ఏం జేస్తున్నవ్?... విసిరి కొట్టుడెందుకు, ఉండు. నేను తెస్త."

ఝాన్సీ కంపెనీలో ప్యాకింగ్ దగ్గర పనిచేసే పిల్ల. వాళ్లిల్లు శామీర్‌పేట దగ్గర, చర్చి వెనక. నా బండి మీద తీసుకుపొమ్మంది కోడలు. వెళ్లేసరికి ఇంకా ముగ్గురు నలుగురు ఆడవాళ్లు నల్ల కవర్లు పట్టుకుని వచ్చి ఉన్నారు. సుచిత్రను కూడా పిలిచారు. అన్ని పొట్లాలూ ఒకే వంట గంజులో వేశారు. నన్ను బయట వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో ఝాన్సీ నాయిన యోబు. ఆయన నాకంటే తక్కువ మాట్లాడతాడు. ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

లోపల మాత్రం చెవులు పడిపోయేంత గోల.

"ప్రతాప్ సారు పంపిన కార్జం నాకే కావాలె! సమానత్వం తింట!"

"నాకు బొక్కలే వచ్చినయ్ సుచిత్ర మేడమ్, దీన్ని గూడ బొమ్మల గియ్యుండ్రి."

"నవ్వకుండ్రే, నాకు ఏడుపొస్తాంది," అంటూ సుచిత్ర కూడా నవ్వుతోంది.

కూర ఉడికేలోపు ఆ నవ్వులు సన్నబడి గుసగుసలై, ముక్కలు ముక్కలుగా నా చెవిన పడ్డాయి. ఎవరి జీతం ఎంత, ఎవరిని ఏ సెక్షన్‌కు మార్చబోతున్నారు, ఎవరి మాట ఎవరు తొక్కిపెట్టారు. ఇన్నేళ్లుగా ఒకే గేటులోంచి వెళ్లి వస్తున్నవాళ్లు అప్పుడే పరిచయమైనట్టు మాట్లాడుకున్నారు. ఝాన్సీ మేనత్త ఎలీషమ్మ కండ్లకోయ దగ్గర ఒక ల్యాబ్‌లో పనిచేస్తుందట. చుట్టుపక్కల కంపెనీలన్నీ బయటి పరీక్షకు గింజలను అక్కడికే పంపుతాయి. అక్కడ మొలక పరీక్షలకు పెద్ద మనిషి కోసం చూస్తున్నారని, ఎవరూ దొరకడం లేదని ఝాన్సీ చెప్పింది.

"సృజనక్కా, నీ గురించి చెప్పనా?" అన్న ఝాన్సీ మాట నాకు స్పష్టంగా వినిపించింది. సృజన ఏమందో వినపడలేదు. యోబు నన్ను చూశాడు. నేను యోబును చూశాను. ఇద్దరం మళ్లీ రోడ్డు చూశాం.

నెల తిరగకుండా సృజన కంపెనీలో రాజీనామా కాగితం ఇచ్చింది. రూలు ప్రకారం దాన్ని ఇన్‌చార్జికే ఇచ్చి, "సంతకం పెట్టండ్రి సార్," అందట. వాడికి అప్పుడు కాళ్ల కింద నేల కదిలింది. ఎందుకంటే మృగశిర వచ్చేస్తోంది. రైతులు విత్తనం కోసం ఎదురుచూస్తున్నారు. గోదాంలో లాట్లు పేరుకుపోయాయి. ఏది పంపాలో, ఏది ఆపాలో వాడికి తేలడం లేదు. మొలిచిందల్లా మంచి మొలకేననుకుని సంతకం పెట్టిన ఒక లాట్ అప్పటికే పేచీలో పడింది.

మృగశిర ముందురోజు, చిరుజల్లు మొదలైన సాయంత్రం, ప్రతాప్ సారు కారు మా వాకిట్లో ఆగింది. అరుగు మీద నేనూ సృజనా ఉన్నాం. ఆమె చాటలో చింతచిగురు వేసుకుని పుల్లలు ఏరుతోంది. అన్వేష్ గడపలో నిలబడ్డాడు. ప్రతాప్ సారు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాట అంచు ఆయన మోకాలికి తగులుతోంది.

"పర్వతాలన్నా, మస్తు పరేషాన్‌ల ఉన్న. మీ కోడలికి నువ్వు జెర చెప్పాలె."

నేను ఆయన ముఖం చూశాను.

"గీ సీజన్ అయ్యేదాక ఉండుమను. జీతం పెంచుత. కావాల్నంటే ఇన్‌చార్జి పోస్టు గూడ ఆమె పేరు మీదనే రాస్త. అన్వేష్‌ను మళ్ల లారీల కాడికి పంపుదాం. మీ కోడలు నీ మాట ఇంటదని అందరంటరు. నువ్వు చెప్పే తీరుగ చెప్పు అన్నా."

పక్కనే ఉన్న పిల్ల చిగురు ఏరుతూనే ఉంది. ఆ మనిషి ఆమె చేతుల మీదుగా నాతో మాట్లాడుతున్నాడు. సుచిత్ర గోడ మీద అంత పెద్ద బొమ్మ వేసి చూపింది ఈయనకే. కళ్లనీళ్లు పెట్టుకుంది ఈయనే. ఆ ఎండాకాలమంతా పేరుకున్న విసుగు ఇక ఆగలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్?" అన్నాను. "మనిషి గిక్కడనే కూసున్నది. గన్నేండ్లు నీ కాడ పని జేసింది. ఆమెకు చెవులున్నయ్. ఆమెకే చెప్పు."

నేను ఒక్క ఊపులో అన్ని మాటలు అనడం ఎవరూ విని ఎరుగరు. వంటింట్లో సత్తమ్మ గరిటె ఆగింది.

ప్రతాప్ సారు సృజన వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోటికి పిలుపు దొరకలేదు. శివను తమ్మీ అంటాడు, నన్ను అన్నా అంటాడు, గిడియోన్‌ను అరేయ్ అంటాడు. ఈమెను ఎన్నడూ పిలవలేదు. పని పడితే ఎవరితోనో చెప్పి పంపేవాడు.

"అమ్మా..." అన్నాడు.

"ఆఁ?" అంది సత్తమ్మ లోపలి నుంచి.

"మిమ్ముల గాదమ్మా. గదే... చెల్లె..." అది సగంలో చచ్చిపోయింది. మెడ తుడుచుకున్నాడు. "సృజన గారూ."

ఆమె చాట పక్కకు పెట్టింది. "చెప్పుండ్రి."

చెప్పాడు. లాట్లు, లారీలు, డీలర్ల ఫోన్లు, పేచీ పడిన లాట్, అన్నీ. మొదట తడబడ్డాడు, తర్వాత అలవాటయింది. సృజన నడుమ ఏదో అడిగింది, ఆయన జవాబు చెప్పాడు, ఆమె మళ్లీ ఏదో అడిగింది. వింటుంటే ఇద్దరు పనిమంతులు మాట్లాడుకున్నట్టే ఉంది. ఇది ఇంత సులువైన పనే అయితే ఇన్నేళ్లు ఏమైందని నాకు ఇంకా విసుగు పుట్టింది.

అంతా విని సృజన అంది: "సోమవారం నుంచి కండ్లకోయల చేరుతున్న. మొలక పరీక్షలకు నేనే ఇన్‌చార్జి. మీ లాట్లు గూడ అక్కడికే పంపుండ్రి. వరుసల చూస్త."

"మనవి జెర ముందుగాల..."

"వరుసల చూస్త."

ప్రతాప్ సారు లేచాడు. సృజన చాట మళ్లీ ముందుకు లాక్కుంది. జల్లు వానయింది. కారు దాకా వెళ్లి తలుపు మీద చెయ్యి వేసి, గడప వైపు తిరిగాడు. ఆయనకు ఇంకా ఆశ చావలేదు. గొంతు తగ్గించి, "అన్వేష్ తమ్మీ, నువ్వన్న చెప్పరాదురా. నీ భార్యే గదా," అన్నాడు.

అన్వేష్ నా వైపు చూడలేదు, భార్య వైపూ చూడలేదు. వానలోకి చూస్తూ అన్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తది సార్. ఆమెతోని మాట్లాడుండ్రి."

సృజన చేతులు చాట మీద ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ఏరసాగింది.

ప్రతాప్ సారు తలుపు పట్టుకుని అలాగే తడుస్తూ నిలబడ్డాడు, ఇంకెవరికి చెప్పాలో తోచక. ఇంట్లో గొడుగు ఉంది. నేను లేవలేదు.